తప్పు చేతిదా, వస్తువుదా?

మరమ్మతు చేయించి తెచ్చిన వస్తువు మరునాడే మొరాయిస్తే మన మనసు మొట్టమొదట పరుగెత్తేది మరమ్మతు చేసిన మనిషి మీదికే. కుట్టు మిషను బాగుచేయించిన తరువాత దారం తెగినా, నీళ్ళ మోటారుకు వైండింగు చేయించిన తరువాత అది వేడెక్కినా, "వాడు చెడగొట్టాడు" అన్న మాట అప్రయత్నంగా నోటినుంచి జారిపోతుంది. ఈ అనుమానానికి కొంత ఆధారం లేకపోలేదు. నిన్నటిదాకా సక్రమంగా నడిచినది నేడు నడవకపోతే, నిన్నటికీ నేటికీ మధ్య జరిగిన మార్పులోనే కారణాన్ని వెదకడం తర్కసమ్మతం. అయితే ప్రతి మరమ్మతులోనూ రెండు ఉంటాయి: పని చేసిన చేయి ఒకటి, ఆ చేయి బిగించిన కొత్త వస్తువు మరొకటి. ఈ రెండింటినీ వేరు చేసి చూడకుండా తీర్పు చెబితే యంత్రం బాగుపడదు సరికదా, ఒక మనిషి జీవనాధారానికి గండి పడుతుంది.

ఈ భేదాన్ని నాకు స్పష్టంగా చూపించినది రాజుపాలెంలోని మా పుట్టింటి అంబాసిడర్ కారు. మొన్నటి వేసవి సెలవులలో జరిగిన ఆ సంగతిని ఇక్కడ వివరిస్తున్నాను. పాత బండి ఉన్నవారికి అందులో కొంత సాంకేతిక ప్రయోజనం ఉంటుంది. బండి లేనివారికి కూడా, ఎవరో ఒక పనివాడితో రోజూ అవసరం పడుతూనే ఉంటుంది కనుక, పూర్తిగా నిరుపయోగం కాబోదని నా నమ్మకం.

బండి, బాట

మా అబ్బా ముప్పై ఏళ్ళకు పైగా టాక్సీ నడిపారు. గుంటూరునుంచి పేరేచర్ల, మేడికొండూరు, సత్తెనపల్లి మీదుగా వచ్చే రోడ్డు మా రాజుపాలెం దాటి కొండమోడు దగ్గర అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిలో కలుస్తుంది. పిడుగురాళ్ళ సున్నం లారీలు, గుంటూరు యార్డుకు పోయే మిరప బస్తాల బండ్లు, పెళ్ళి బృందాల వాహనాలు అన్నీ ఆ బాటలోనే. ఆ బాట మీద ఆయన ఎందరినో కాన్పులకు, ఆసుపత్రులకు, నికాహ్‌లకు చేర్చారు. టాక్సీ మానుకున్నా బండిని మాత్రం అమ్మలేదు. అది పెట్రోలుతో నడిచే మార్క్ 4 అంబాసిడర్.

ఈ కారు పుట్టుక గురించి రెండు మాటలు. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసుకొని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివరినుంచి 2014 మే వరకు అంబాసిడర్‌ను ఉత్పత్తి చేసింది. మార్క్ 4 రూపం 1979లో వచ్చింది. దాని పెట్రోలు ఇంజిను 1489 సీసీ సామర్థ్యం గలది, నాలుగు సిలిండర్లది. నేటి కార్లలో నిప్పురవ్వను కంప్యూటరు నియంత్రిస్తుంది. ఈ పాత ఇంజినులో ఆ పని అంతా కంటికి కనిపించే, చేతితో సరిచేయగలిగే చిన్న చిన్న లోహపు ముక్కలే చేస్తాయి. అందువల్లనే కొన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి దానికి ట్యూనింగు అవసరమవుతుంది.

మొన్నటి వేసవిలో ఆ ట్యూనింగును అబ్బా మా ఊళ్ళో కొత్తగా షెడ్డు పెట్టిన ఒక కుర్రవాడికి అప్పగించారు. అతడు తండ్రి లేనివాడు. గుంటూరు ఆటోనగర్‌లో కొన్నేళ్ళు పని నేర్చుకొని, అప్పు చేసి పనిముట్లు కొనుక్కొని వచ్చాడు. పాత కార్ల పని తెలిసినవారు తగ్గిపోతున్న కాలంలో ఒక యువకుడు నేర్చుకొని వచ్చాడంటే ప్రోత్సహించాలని అబ్బా ఉద్దేశం. కూలిలో సగం ముందే ఇచ్చి, తక్కిన సగం బండి వారం రోజులు నడిచాక ఇస్తానని మాట అనుకున్నారు. అతడు కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్, కొత్త రోటార్, కొత్త మూత, నాలుగు కొత్త ప్లగ్గులు వేసి, టైమింగు సరిచేసి బండి అప్పగించాడు. ఇంటి ముందు నిలిపి స్టార్టు చేస్తే ఇంజిను గడియారంలా నడిచింది.

మూడవ నాడు అమ్మీ కంటి పరీక్షకు అందరం గుంటూరు బయలుదేరాము. ఉదయం చల్లగా ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. తిరుగు ప్రయాణంలో మిట్టమధ్యాహ్నం మేడికొండూరు దాటిన తరువాత ఇంజిను మిస్సింగు కొట్టడం మొదలుపెట్టింది. కారు ఉన్నట్టుండి కుదుపుతో తడబడుతుంది, సైలెన్సరులోనుంచి టప్పుమని శబ్దం, మళ్ళీ రెండు క్షణాలు బాగుంటుంది, మళ్ళీ తడబాటు. వెనుక ఒక లారీ హారను మోగిస్తూనే ఉంది. అబ్బా బండిని రోడ్డు పక్కకు తీసి చెట్టు నీడన నిలిపారు. అరగంట తరువాత స్టార్టు చేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. సత్తెనపల్లి దాటాక మళ్ళీ అదే వరుస.

ఇంటికి చేరిన సాయంత్రమే మా మామూ తీర్పు చెప్పేశారు. "ట్యూనింగు రాని పిల్లవాడికి బండి ఇస్తే ఇంతే అవుతుంది, భాయ్‌జాన్. ప్లగ్గు వైర్లు తారుమారు చేసి ఉంటాడు. మిగతా కూలి ఇవ్వకండి." ఆ మాట ఇంట్లోనే ఆగలేదు. మరునాటి ఉదయానికి సెంటరులోని టీ హోటలు దాకా వెళ్ళింది. ఊళ్ళో బండ్లు ఉన్నవారు మరమ్మతు విషయంలో మా అబ్బా మాటకు విలువ ఇస్తారు. ఆయన ఇంటినుంచే ఇటువంటి మాట వెలువడితే ఆ కుర్రవాడి షెడ్డుకు ఇక ఎవరు వెళతారు? అసలు ప్రమాదం ఇంజినులో కంటే అక్కడే ఎక్కువగా ఉంది.

నిప్పురవ్వ ఎలా పుడుతుంది?

అబ్బా ఏమి చేశారో చెప్పే ముందు ఆ ఇంజినులో నిప్పురవ్వ పుట్టే విధానాన్ని తెలుసుకోవాలి. నేను పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను గనుక ఈ భాగాన్ని కాస్త ఓపికగా వివరిస్తాను.

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొన వద్ద గాలి పొరను చీల్చుకొని రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఈ పెంపుదల ఇగ్నిషన్ కాయిల్‌లో జరుగుతుంది. కాయిల్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి. మొదటి చుట్టలో ప్రవహిస్తున్న విద్యుత్తును హఠాత్తుగా ఆపివేస్తే, దాని అయస్కాంత బలం ఒక్కసారిగా కూలి, రెండవ చుట్టలో అత్యధిక వోల్టేజి పుడుతుంది. ప్రవాహాన్ని ఆపే తలుపులే పాయింట్లు. అవి తెరుచుకున్న క్షణంలోనే రవ్వ పుడుతుంది. పుట్టిన శక్తిని ఏ సిలిండరుకు పంపాలో తిరిగే రోటార్ నిర్ణయిస్తుంది. పాయింట్లు, రోటార్, పైన మూత అన్నీ ఇమిడి ఉన్న గిన్నె వంటి భాగమే డిస్ట్రిబ్యూటర్. దీనినే మన పాత మెకానిక్కులు "డెల్కో" అంటారు. ఈ విధానాన్ని 1910 ప్రాంతంలో రూపొందించిన అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ స్థాపించిన సంస్థ పేరు అది.

ఇక కండెన్సర్ సంగతి. సాగర్ కుడి కాలువ తూము తలుపును ఒక్కసారిగా దించితే వెనుకనుంచి వచ్చే నీరు తలుపును గుద్దుతుంది. పక్కన ఆ నీటిని పట్టుకునే గుంట ఒకటి ఉంటే తలుపు మీద దెబ్బ తగ్గుతుంది. పాయింట్లు తెరుచుకునేటప్పుడు కూడా ఇంతే. ఆగిన విద్యుత్తు ఆ సందులోనుంచి దూకి పోవాలని చూస్తుంది. దానిని తనలోకి తీసుకునే చిన్న గుంటే కండెన్సర్. దాని సామర్థ్యం సుమారు 0.2 మైక్రోఫారడ్. అది పనిచేయకపోతే విద్యుత్తు పాయింట్ల మధ్యనే మంటగా దూకుతుంది. ప్రవాహం ఖచ్చితంగా తెగదు, కాయిల్‌లో బలం పుట్టదు, ప్లగ్గుకు చేరే రవ్వ బలహీనమవుతుంది లేదా అసలే చేరదు. దీనితోపాటు పాయింట్ల ముఖాలు త్వరగా కాలి నల్లబడతాయి.

ఇదంతా ఎంత వేగంగా జరగాలో ఊహించండి. నాలుగు సిలిండర్ల ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు నిమిషానికి 6000 రవ్వలు, అంటే సెకనుకు 100 రవ్వలు పుట్టాలి. వాటిలో కొన్ని తప్పిపోవడమే మిస్సింగు.

అమ్మీ చెప్పిన మాట

ఇంట్లో అందరూ మెకానిక్కు గురించి మాట్లాడుతుండగా, వెనుక సీటులో కూర్చొని ప్రయాణమంతా గమనించిన అమ్మీ ఒక మాట అన్నారు. "పొద్దున వెళ్ళేటప్పుడు బాగానే ఉంది కదా. మధ్యాహ్నం చెట్టు కింద ఆగిన తరువాత కూడా కాసేపు బాగానే నడిచింది. దానికీ ఎండదెబ్బ తగిలినట్టుంది."

అబ్బా వెంటనే తల ఊపారు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధి. ఆ పలనాటి వేసవిలో ఇంజిను కింద వేడి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అమ్మీ మాటలో దాగిన తర్కం ఇది: చేతి పొరపాటుకు ఎండా నీడా తెలియవు. ప్లగ్గు వైర్లు తారుమారైతే ఉదయం కూడా తారుమారుగానే ఉంటాయి. టైమింగు తప్పితే చల్లని ఇంజినులోనూ తప్పుగానే ఉంటుంది. వేడెక్కితే వచ్చి, చల్లారితే పోయే లోపం చాలావరకు వస్తువులోనే ఉంటుంది. వేడికి లోపలి అతుకు విడిపోయే భాగమో, విద్యుత్తు కారిపోయే భాగమో అయి ఉండాలి. లేదా పెట్రోలు గొట్టంలోనే ఆవిరిగా మారుతూ ఉండాలి.

అయినా అబ్బా దానితోనే తృప్తిపడలేదు. "ఊహ బాగుందని తీర్పు చెప్పకూడదు. ముందు బండిని అడుగుదాం. అది చెప్పిన తరువాత మనిషిని అడుగుదాం" అన్నారు. అందిన వార్తను విచారించుకోవాలనీ, అనుమానాలకు దూరంగా ఉండాలనీ అల్ హుజురాత్ సూరా చేసే బోధ మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. కారు బానెట్టు ఎత్తినప్పుడు కూడా అది గుర్తుండాలన్నది ఆయన పద్ధతి.

ఆ కుర్రవాడికి కబురు పంపారు. అతడు ముఖం వాడిపోయి వచ్చాడు. టీ హోటలు మాట అప్పటికే అతని చెవిన పడింది. "బాబాయ్, నేను అన్నీ కొలిచే వేశాను" అన్నాడు. "కొలిచావనే అనుకుంటున్నాను నాయనా. ఇద్దరం కలిసి మళ్ళీ కొలుద్దాం" అన్నారు అబ్బా. నాకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, చేసిన ప్రతి పరీక్షను, వచ్చిన ఫలితాన్ని రాయమన్నారు.

మూడు రోజుల విచారణ

మొదటి రోజు ఏ భాగాన్నీ మార్చలేదు. చూడడం, కొలవడం మాత్రమే. జొహర్ నమాజు తరువాత, అంటే ఎండ తీవ్రంగా ఉన్న వేళ, రాజుపాలెంనుంచి కొండమోడు దాకా వెళ్ళి వచ్చారు. తిరుగు దారిలో మిస్సింగు వచ్చింది. పరీక్షలన్నీ అదే వేళలో, అదే బాటలో చేయాలని అబ్బా నియమం పెట్టారు. సాయంత్రం చల్లగాలిలో నడిపి "తగ్గింది" అనుకుంటే అది మనలను మనమే మోసం చేసుకోవడం.

వేడిగా, మిస్సింగు కొడుతూ ఉన్న ఇంజినును ఇంటి ముందు నిలిపి, తొడుగు ఉన్న పటకారుతో ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీసి చూశారు. ఒక వైరు తీసినప్పుడు ఇంజిను వేగం పడిపోతే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. తీసినా మార్పు లేకపోతే ఆ సిలిండరే మూగబోయినట్టు. మా బండిలో నాలుగింటికీ వేగం సమానంగా పడిపోయింది. దీని అర్థం ఏ ఒక్క ప్లగ్గులోనూ, ఏ ఒక్క వైరులోనూ దోషం లేదని. ఇంట్లో ఒక్క కుళాయి మాత్రమే రాకపోతే ఆ గొట్టం చూస్తాము. అన్ని కుళాయిలూ ఆగి ఆగి వస్తే మిద్దె మీది ట్యాంకు చూస్తాము. అలాగే నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న చోటనే, అంటే కాయిల్, పాయింట్లు, కండెన్సర్, రోటార్, కాయిల్‌నుంచి మూతకు వచ్చే వైరు, వీటిలోనే వెదకాలని తేలింది.

తరువాత వైర్ల వరుస. ఈ ఇంజినులో నిప్పు అందే క్రమం 1-3-4-2. రోటార్ పైనుంచి చూస్తే ఎడమవైపుకు, అంటే గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. వైర్లు ఆ క్రమంలోనే ఉన్నాయి. మామూ అనుమానం అక్కడే వీగిపోయింది. ఫీలర్ గేజ్‌తో పాయింట్ల సందు చూస్తే 0.015 అంగుళం, ప్లగ్గుల సందు 0.025 అంగుళం. రెండూ ఉండవలసినట్టే ఉన్నాయి. కుర్రవాడి ముఖంలో కాస్త తేటదనం వచ్చింది.

ఇషా నమాజు తరువాత వీధి దీపాలకు దూరంగా బండిని నిలిపి, చీకటిలో బానెట్టు ఎత్తి ఇంజిను నడిపించారు. మూతకు బీట ఉన్నా, వైరు పైపొర చిట్లినా నీలిరంగు రవ్వలు బయటికి పాకుతూ కనిపిస్తాయి. మాకు ఏమీ కనిపించలేదు.

రెండవ రోజు పెట్రోలు మీది అనుమానాన్ని తీర్చుకున్నారు. మిస్సింగు వచ్చిన చోటనే ఆగి పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టారు. ఆవిరి అడ్డుపడుతుంటే పంపు చల్లబడగానే బండి సర్దుకోవాలి. సర్దుకోలేదు. పెట్రోలు అందనప్పుడు ఇంజిను మెల్లగా నీరసిస్తుందనీ, రవ్వ తెగినప్పుడు చెంపదెబ్బ కొట్టినట్టు హఠాత్తుగా తడబడుతుందనీ అబ్బా నాకు వివరించారు. మాది రెండవ రకం.

అప్పుడు డెల్కో మూత తీసి పాయింట్లను చూశారు. వేసి రెండు వందల కిలోమీటర్లు కూడా కాని పాయింట్ల ముఖాలు అప్పటికే నీలం కలిసిన నలుపుగా కాలి ఉన్నాయి. కొత్తవి అంత త్వరగా కాలకూడదు. అబ్బా, కుర్రవాడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి నోటినుంచీ ఒకే మాట: "కండెన్సర్."

అయినా క్రమం తప్పలేదు. మా ఇంట్లో ఖాళీ బిస్కట్ల డబ్బా ఒకటి ఉంది. బండినుంచి తీసిన పాత సామాను పారవేయకుండా అందులో దాచడం అబ్బా అలవాటు. ముందుగా పాత రోటార్‌ను మాత్రమే వేసి కొండమోడు వెళ్ళి వచ్చారు. మిస్సింగు అలాగే ఉంది. కొత్త రోటార్‌ను మళ్ళీ వేసి, పాయింట్ల ముఖాలను సన్నని రాపిడి కాగితంతో శుభ్రం చేసి, సందు సరిచూసుకొని, కండెన్సర్ మార్చకుండానే ఇంకోసారి వెళ్ళారు. మిస్సింగు పోలేదు. అప్పుడు పాత కండెన్సర్ వేశారు. కొండమోడు వెళ్ళి వచ్చేసరికి ఇంజిను ఒక్కసారి కూడా తడబడలేదు.

ఎవరైనా అక్కడితో సంతోషించి చేతులు కడుక్కునేవారే. మూడవ రోజు అదే ఎండలో అబ్బా ఆ కొత్త కండెన్సర్‌ను మళ్ళీ బిగించమన్నారు. కుర్రవాడు ఆశ్చర్యపోయాడు. "బాగైన బండిని మళ్ళీ ఎందుకు పాడు చేయడం, బాబాయ్?" అని అడిగాడు. "నీ కోసమే నాయనా. రేపు ఎవరైనా అడిగితే మనం అనుకున్నామని కాక, చూశామని చెప్పగలగాలి" అన్నారు. కొత్తది వేయగానే సగం దారిలో మిస్సింగు తిరిగి వచ్చింది. రోడ్డు పక్కనే ఆపి పాతది వేస్తే మాయమైంది. నా నోటుపుస్తకంలో చివరి రెండు వరుసలు అవే. కాయిల్ పాతదే. ట్యూనింగులో దాని జోలికి ఎవరూ పోలేదు గనుక అది అనుమానితుల వరుసలో అన్నిటికంటే చివర ఉంది. దాని దాకా వెళ్ళవలసిన అవసరమే రాలేదు.

కొత్తది గనుక మంచిదే అయి ఉంటుందన్న భ్రమ చాలా ఖరీదైనది. పాత బండ్ల సామాను ఇప్పుడు తక్కువగా తయారవుతుంది. పెట్టె మీద పేరు చూసి నాణ్యత చెప్పలేము. కండెన్సర్ వంటి భాగం చల్లగా ఉన్నప్పుడు పరీక్షలో నెగ్గి, డెల్కోలో వేడెక్కిన తరువాత ఓడిపోవచ్చు. అమర్చిన చేయి ఎంత నేర్పుగలదైనా, మూసి ఉన్న ఆ లోహపు గొట్టంలో ఏముందో కంటితో చూడలేదు. కుర్రవాడు ఆ భాగాన్ని కొన్న దుకాణానికి తీసుకువెళ్ళి జరిగినది చెప్పగా, వారు మారుమాట లేకుండా వేరొకటి ఇచ్చారు.

న్యాయంలో రెండవ సగం

ఈ విచారణలో చేతికి సంబంధించిన లోపం కూడా ఒకటి బయటపడింది. దానిని దాచడం భావ్యం కాదు. పాయింట్లను తెరిచే మెట్టు ఒరుసుకునే చోట చిటికెడు గ్రీజు పూయాలి. కుర్రవాడు పూయలేదు. మిస్సింగుకు అది కారణం కాదు. కానీ అలాగే వదిలేస్తే ఆ మెట్టు అరిగి, పాయింట్ల సందు క్రమంగా తగ్గి, టైమింగు వెనుకబడుతుంది. అబ్బా ఆ సంగతిని అతనికి చాటుగా, మెల్లగా చెప్పారు. అతడు వెంటనే సరిచేశాడు. వేసిన నింద అబద్ధమని తేలినంత మాత్రాన మనిషిలో ఏ లోపమూ లేదని చెప్పనక్కరలేదు. ఉన్న చిన్న లోపాన్ని చూపి లేని పెద్ద నేరాన్ని అంటగట్టనూ కూడదు. దేనికదే తూచి ఇవ్వాలి.

మిగిలిన సగం కూలిని అబ్బా ఆ సాయంత్రమే చేతిలో పెట్టారు. మూడు రోజులు విచారణలో అతడు వెచ్చించిన కాలానికి కూడా కొంత కలిపారు. కుర్రవాడు తీసుకోవడానికి తటపటాయించాడు. "నీ పని అయిన రోజే ఇది నీ సొమ్ము అయింది. ఇన్నాళ్ళూ నా దగ్గర ఉండిపోయింది" అన్నారు.

నేను అక్కడితో ముగిసిందనుకున్నాను. మరునాడు ఫజ్ర్ నమాజు ముగించుకొని అబ్బా నేరుగా ఇంటికి రాలేదు. సెంటరులోని ఆ టీ హోటలుకు వెళ్ళారు. మామూను కూడా వెంట తీసుకువెళ్ళారు. ఏ బల్లల దగ్గర ఆ కుర్రవాడి పేరు పాడైందో అక్కడే కూర్చొని, దోషం సామానులో ఉన్నదనీ, వైర్లూ కొలతలూ అన్నీ సరిగా ఉన్నాయనీ, తన బండి ఇక ముందు కూడా ఆ షెడ్డులోనే బాగుపడుతుందనీ చెప్పారట. మామూ ఎక్కువగా మాట్లాడలేదట. అయితే ఎవరో "మరి వైర్లు తారుమారు అన్నారే?" అని అడిగితే, "లేదు, నేను కళ్ళారా చూశాను, సరిగానే ఉన్నాయి" అని మాత్రం అన్నారట. ఆయన స్వభావం తెలిసిన మాకు అది చిన్న మాట కాదు. నలుగురిలో పడిన మచ్చను ఇంట్లో కూర్చొని తుడవలేము. ఎక్కడ పడిందో అక్కడికే వెళ్ళి తుడవాలి. మూడు రోజుల పరీక్షలో ఏ భాగం మార్చడం కంటే ఇదే కష్టమైన పని అని నాకు అనిపించింది.

పది రోజుల తరువాత అమ్మీ కంటి ఆపరేషనుకు అదే బండిలో గుంటూరు వెళ్ళి, అల్లాహ్ దయవల్ల క్షేమంగా తిరిగి వచ్చాము.

పాఠకులకు కొన్ని సూచనలు

పాయింట్లతో నడిచే పాత పెట్రోలు కారు, అది అంబాసిడర్ అయినా పద్మిని అయినా, ట్యూనింగు తరువాత మిస్సింగు కొడితే ఈ వరుసను పాటించవచ్చు. డీజిలు బండ్లకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు గనుక వాటికి ఇది వర్తించదు. కొలతలు, రోటార్ తిరిగే దిక్కు బండినిబట్టి మారుతాయి కనుక మీ బండి పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోండి.

లోపం ఎప్పుడు వస్తోందో ముందు గమనించండి. చల్లగా ఉన్నప్పుడు కూడా వస్తే వైర్ల వరుస, సందులు, టైమింగు చూడండి. వేడికి మాత్రమే వస్తే కండెన్సర్, కాయిల్, రోటార్ మీద దృష్టి పెట్టండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే వస్తే డెల్కో లోపలి సన్నని తీగలు నలిగి తెగాయేమో చూడండి. బండిలో కూర్చున్న ప్రతివారినీ అడగండి. నడిపేవారికి తట్టనిది వెనుక సీటులో ఉన్నవారికి తట్టవచ్చు.

చివరగా చేయి పడిన చోటనే ముందు వెదకండి. ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చండి. రెండు కలిపి మార్చితే బండి బాగుపడవచ్చు గాని, దోషం దేనిదో తెలియదు. మార్చిన ప్రతిసారీ అదే బాటలో, అదే వేడిలో నడిపి చూడండి. ఫలితాన్ని కాగితం మీద రాయండి.

నడుస్తున్న ఇంజిను మీద పనిచేసేటప్పుడు దుపట్టా, లుంగీ అంచు, వదులు చేతులు ఫ్యానుకు అందకుండా చూసుకోండి. పిల్లలను దూరంగా ఉంచండి. ప్లగ్గు వైరును వట్టి చేతితో పట్టుకోవద్దు. తీసిన వైరును గాలిలో వేలాడనీయక, దాని కొనను ఇంజిను లోహానికి దగ్గరగా ఉంచండి. లేకుంటే కాయిల్, రోటార్ దెబ్బతినే అవకాశం ఉంది. ఈ పనిలో అలవాటు లేనివారు తెలిసినవారి సమక్షంలోనే చేయాలి.

పాత భాగం పూర్తిగా చెడిపోకపోతే పారవేయకండి. మా ఇంటి బిస్కట్ల డబ్బాలోని ఆ పాత కండెన్సర్ లేకపోతే కొత్తదాని దోషాన్ని అంత సులభంగా పట్టుకోగలిగేవారము కాదు. ఇప్పుడు ఆ డబ్బాలో చెడిన కొత్త కండెన్సర్ లేదు, దుకాణానికి వెళ్ళిపోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని బిగించిన నాడు కూడా అబ్బా, ఆ కుర్రవాడు జొహర్ తరువాత ఎండలో కొండమోడు దాకా వెళ్ళి వచ్చిన తరువాతనే పాతదాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించారు.